కడిగి పంపిన ఫైలు

ఆ క్లినిక్‌లో ఆవిణ్ణి అందరూ సర్దుడమ్మ అనే అంటారు. కుర్చీ వంకరగా ఉంటే ఆవిడకు చేతులు ఊరుకోవు. డాక్టరు రాసిన కాగితం చూసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పేషెంట్లకు చీటీ కొట్టివ్వడం ఆవిడ పని. ఆ చీటీలు అచ్చుతీసే ప్రోగ్రామ్ ఉచితం. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో కలిసి రాసింది. తప్పు కనబడితే ఎవరైనా వాళ్ళకు తెలియజేయవచ్చు.

ఇంట్లోనూ చీటీల రాజ్యమే. తాను క్లినిక్‌లో కొత్తగా కొట్టి తెచ్చిన అత్తగారి మందుల చీటీ ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంటుంది.

"ఇదివరకు ఇంకో తెల్ల మాత్ర ఉండేది కదమ్మా? ఈమధ్య కాస్త కళ్ళు తిరుగుతున్నాయి" అంది అత్తగారు ఒక పొద్దున.

"చీటీలో ఉందా అత్తయ్యా? లేదు కదా! మీరే ఏదో అనుకుంటున్నారు" అని కోడలు బాక్సు సర్దుకుని బయల్దేరింది.

ఆ వారంలోనే ఒక రిటైరైన మాస్టారు చీటీ పట్టుకుని తిరిగొచ్చారు. నాలుగు మందులకు మూడే ఉన్నాయి. ఆవిడ కంగారుగా, సూచనలు పొడి పొడి మాటల్లో పెట్టి మళ్ళీ కొట్టింది. నాలుగూ వచ్చాయి.

"చూశావా, కొడితే వస్తుంది" అన్నాడు డాక్టరు. "ఇది మందుల వ్యవహారమమ్మా. ఇంకోసారి జరిగితే వేరే మనిషిని చూసుకోవాల్సి వస్తుంది."

పన్నెండేళ్ళలో పడని మాట అది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచి ప్రతి చీటీనీ స్క్రీన్ పక్కన పెట్టి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగోరోజు దొరికింది. స్క్రీన్ మీద అయిదు మందులు, కాగితం మీద నాలుగు. వెంటనే ప్రోగ్రామ్ వాళ్ళకు రాసింది. ఫైలు పంపమని జవాబొచ్చింది.

పంపింది. అయితే ఉన్నది ఉన్నట్టు పంపితే సర్దుడమ్మ ఎందుకవుతుంది? పేషెంటు పేరు మార్చింది, అది న్యాయమే. అక్కడితో ఆగక, మందుల పక్కన తాను బారెడు రాసిన సూచనలన్నీ కత్తిరించింది. నలుగురూ చూసేది, నీటుగా ఉండాలి కదా!

"మా దగ్గర అన్ని మందులూ వస్తున్నాయి. తప్పేమీ కనబడలేదు" అని రాసి వాళ్ళు ఫిర్యాదు మూసేశారు.

ఇక ఆవిడకు కాలు నిలవలేదు. వాళ్ళూ డాక్టరులాగే మాట్లాడితే ఇంక ఎవరితో చెప్పుకోవాలి? టీ పెట్టి తాగడం మరిచిపోయింది. తుడిచిన గట్టునే మూడుసార్లు తుడిచింది. మొగుడు స్కూటర్ల మెకానిక్కు. సంగతంతా విని, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ నవ్వాడు.

"కొందరు బండిని రిపేరుకు తెచ్చేముందు శుభ్రంగా కడిగించుకొస్తారు. మెరిసిపోతుంటుంది. ఆయిల్ ఎక్కడ కారుతోందో నాకెలా తెలుస్తుంది? కొంపదీసి నువ్వూ కడిగి పంపావా ఏంటి?"

ఆవిడ నాలుక కరుచుకుంది. మర్నాడు పేరు ఒక్కటే మార్చి, తక్కిన ఫైలంతా ఉన్నదున్నట్టు పంపింది. గంట తిరక్కుండా జవాబొచ్చింది. చివరి మందు పక్కన రాసిన సూచన రెండో వరుసకు దిగితే, అచ్చులో ఆ మందే ఎగిరిపోతోందట. తప్పు తమదేననీ, సాయంత్రానికల్లా దిద్దుతామనీ, ఓపిగ్గా పట్టుకున్నందుకు రుణపడి ఉంటామనీ రాశారు.

"పోనీలే, నీ తప్పు కాదన్నమాట. ఇక వదిలెయ్" అన్నాడు డాక్టరు.

ఎలా వదిలేస్తుంది? ఇన్నాళ్ళూ ఎన్ని చీటీలు ఇలా వెళ్ళాయో! పాత ఫైళ్ళు ఒక్కొక్కటే తీసి, చివరి మందు పక్కన పొడుగ్గా రాసినవన్నీ విడిగా పెట్టింది. పదకొండు తేలాయి. తొమ్మిదోది తెరిచేసరికి చెయ్యి ఆగిపోయింది. అది అత్తగారిది. అయిదో మందు, తెల్ల మాత్ర, రాత్రి పడుకునేముందు. పక్కన తన బారెడు సూచన, ఎంతో ప్రేమగా రాసింది.

డాక్టరుకు ఆ పదకొండూ చూపించింది. ఆయన ఫోను ఆవిడ వైపు జరిపాడు. మొదటి ఫోను ఇంటికే చేసింది.

"ఏంటమ్మా, ఈ వేళప్పుడు?" అంది అత్తగారు.

కోడలు పెన్ను తీసుకుని, కాగితం ముందుకు లాక్కుంది.

"ఆ తెల్ల మాత్ర సంగతి ఇంకోసారి చెప్పండి అత్తయ్యా. కళ్ళు ఎప్పట్నుంచి తిరుగుతున్నాయో అన్నీ చెప్పండి. రాసుకుంటున్నాను."