మూడో ‘ఎందుకు’

నర్సీపట్నంలో ఇంగ్లీషు చెప్పే భానుమూర్తి మాస్టారికి బట్టీ చదువంటే ఒళ్లుమంట. చిలకపలుకులు వినడానికైతే తనకు జీతం దండగ అనేవారు. పదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే బల్ల ముందు నిలబెట్టి, కాగితం లేకుండా, తమకు తెలిసిన సంగతేదో ఇంగ్లీషులో చెప్పించేవారు. చెప్పాక “ఎందుకు?” అని అడిగేవారు. జవాబిస్తే, దానిమీద మళ్లీ “ఎందుకు?” మూడోసారి అడిగితే గాని బుర్ర కదలదని ఆయన నమ్మకం.

డెబ్భై ఎనిమిదిలో, గొలుగొండ నుంచి నడిచొచ్చే నూకరత్నం తమ చెరకు గానుగ గురించి చెప్పింది. తడుముకుంటూనే అయినా బాగా చెప్పింది. కిందటి వారం అందులో పడి అమ్మ చెయ్యి నలిగిపోయిందని చివర్లో అంది. మాస్టారికి జాలేసింది గానీ అలవాటు ఆగలేదు.

“ఎందుకు?”

చెరకు పెడుతూ, ఎడ్లను అదిలించడానికి వెనక్కి తిరిగిందని ఇంగ్లీషులోనే చెప్పింది.

“ఎందుకు?”

ఎడ్లను తోలే మనిషి లేదంది.

“ఎందుకు?”

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్లూ ఆయన కోరుకున్నది అలాంటి ఆలోచననే.

“ఆ మనిషిని నేనే. ఇక్కడ ఉన్నాను,” అని వెళ్లి కూర్చుంది.

మర్నాటి నుంచి బడికి రాలేదు. వారం చూసి మాస్టారు గొలుగొండ వెళ్లారు. నూకరత్నం గానుగ చుట్టూ ఎడ్లను తోలుతోంది.

“బడికెందుకు రావటం లేదమ్మా?”

ఆ పిల్ల ఎడ్లను ఆపలేదు.

“ఎందుకో మీరే కదండీ నాసేత సెప్పించేరు.”