ఇంటిపేరుతో పిలిస్తే

మా అమ్మ రిటైరైన రోజు నేను పడ్డ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నాన్న డ్యూటీలో ఉండగానే పోయాడు. ఆయన బదులు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో అమ్మకి ఉద్యోగమిచ్చారు. మిషన్ల కింద రాలిన ఇనప రజను ఊడ్చి ఎత్తడం పని. చేరిన రోజే గుమాస్తా ఆవిణ్ని తలకిందులు చేసేశాడు. మనలో ఇంటిపేరు ఒక్క అక్షరానికి ఒదిగిపోతుంది, మనిషి పేరు నిండుగా ఉంటుంది. అతను మా ఇంటిపేరు నిండుగా రాసి, మా అమ్మని ఒక్క అక్షరం చేసి, పక్కన చుక్క పెట్టాడు. కాగితాల్లో అలా మిగిలింది. మనుషుల నోట్లో 'మాసీ' అయింది. బెంగాలీలో పిన్ని. షాపు నిండా పిన్ని కొడుకులే, ఒక్కడికీ పిన్ని పేరు తెలీదు.

పేరు సరిచెయ్యమని రెండుసార్లు అర్జీ పెట్టింది. "పని నడుస్తోంది కదా మాసీ, ఏం ఫరక్ పడుతుంది?" అన్నారు. అలా అనేవాళ్ల పేరు ఒక్కరోజు తప్పు రాస్తే తెలుస్తుంది ఏం ఫరక్ పడుతుందో.

రిటైర్మెంటు సభ మీద మాత్రం అమ్మ ఆశ పెట్టుకుంది. "మైకులో పిలుస్తారు కదేటి, ఆ పాలి నా పేరు ఇనబడతాది" అని వారం రోజులుగా అంటూనే ఉంది. ఖరిదా బజారుకెళ్లి కొత్త చీర కూడా తెచ్చుకుంది.

సభలో ఒక్కొక్కరినే పిలిచి, దండ వేసి, షీల్డు ఇస్తున్నారు. అమ్మ వంతు వచ్చింది. పెద్దాఫీసరు కాగితం చూసి "శ్రీ" అని, మా ఇంటిపేరు చదివి ఆగాడు. శ్రీమతి కూడా కాదు. అమ్మ కదల్లేదు. మళ్లీ చదివాడు. ఊహూఁ. వెనక వరసలోని బెంగాలీ ఫిట్టరొకాయన "మాసీ, తోమాకే డాక్‌ఛే" అన్నాడు, నిన్నే పిలుస్తున్నారని. నేను లేవమని రెక్క పట్టుకు లాగాను.

"నెగవే అమ్మా! పరువు తీసేస్తన్నావు."

"నానెందుకు నెగాల? ఇంటిని పిలిసినారు. ఇల్లే ఎళ్తాది."

గట్టిగానే అంది. తెలుగువాళ్లు కూర్చున్న వైపంతా ఘొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో ఎవరో హిందీలో చెప్తే ఆఫీసరు ముఖం కందిపోయింది. కాస్త తగ్గి, "మాతాజీ, ఆప్‌కా నామ్?" అని అడిగాడు.

అమ్మ కూర్చునే చెప్పింది. ఆ పేరులో 'ళ' ఉంది. ఆయన మైకులో 'ల' అన్నాడు. "ల నహీ సాబ్, ళ" అంది. మళ్లీ 'ల' అన్నాడు. అప్పుడు నోరు తెరిచి, నాలుక ఎక్కడ మడవాలో చూపించింది, అంత పెద్దాఫీసరుకి, హాలంతా చూస్తుండగా. మూడోసారికి ఆయన నాలుక మడతపడింది.

హాల్లో ఆ పేరు మోగింది. నాన్న పోయాక మా ఇంట్లో ఆ పేరు పలికినవాళ్లు లేరు. నేనూ ఏళ్ల తరబడి వినలేదు. దాని కోసం పట్టుబట్టి కూర్చున్న మనిషినా నేను రెక్క పట్టుకు లాగింది!

అమ్మ లేచి, కుచ్చిళ్లు సర్దుకుని, తాపీగా నడిచి వెళ్లింది.

ఇంతా చేసి షీల్డు మీద చెక్కించింది ఇంటిపేరే. తాల్‌బగీచాలో ఇంటికొచ్చాక చూసి నేను మండిపడ్డాను. "రేపే పట్టుకెళ్లి వాళ్ల టేబుల్ మీద పడేస్తాను" అన్నాను.

అమ్మ సుత్తి అడిగింది. వీధి గుమ్మం పక్కన మేకు కొట్టి, షీల్డు తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

"నాది నాను తెచ్చుకున్నాను. ఇది ఇంటిది, ఇంటికే ఉండనీ."