సాంబ్రాణి పట్టిన ఊరు

చాలా ఏళ్లుగా ఒక శాలువా నా భుజాల మీద బరువుగా ఉన్నది. కప్పుకొనేది నేను కాదు. బరువు మాత్రం నాదే. మిత్రమా, నీవెవరో ఎరుగను. కనుకనే చెప్పగలుగుతున్నాను.

తొలిసారి లిథువేనియాలోని విల్నియస్ నగరానికి భాషాశాస్త్ర సదస్సుకై వెళ్లినపుడు, సభకు పోవుటకు తప్ప నేను హోటలు గది దాటలేదు. నా ప్రసంగం నాకు ముఖ్యం. చలి అంటే భయం. ఊరంతా తిరిగినది నా భార్య. అక్కడి మాట ఒక్కటీ రాని మనిషి, ఒంటరిగా కోట కొండ ఎక్కి వచ్చి సంబరంగా చెప్పింది: "మంచు కరిగి ఎర్రపెంకులన్నీ తడిసిపోయాయండీ. పైన పొగగొట్టాల పొగ. ఊరు ఊరంతా తలంటు పోసుకుని సాంబ్రాణి పట్టుకుంటున్నట్టుంది!"

మేముండే న్యూజిలాండులోని ఆక్లాండుకు తిరిగి వచ్చి యాత్రావ్యాసం వ్రాశాను. అందులో కొండ ఎక్కినవాణ్ణి నేను. ఆమె వాక్యానికి రెండు సమాసాలు తొడిగి నాదన్నాను. "మా ఆవిడ" అన్న మాటైనా లేదు. ఉగాది సభలో ఆ వాక్యాన్నే చదివి నాకు శాలువా కప్పారు. ముందువరుసలో కూర్చుని ఆమె చప్పట్లు కొట్టింది. అప్పుడైనా నేను నోరు విప్పవద్దా? విప్పలేదు. ఒకరి పద్యపాదం తస్కరించినవాణ్ణి నిండుసభలో నిలదీసిన నేను, ఇంటి మనిషి మాటను ఎత్తుకొనుట చౌర్యమని ఎందుకు తలపలేదు? ఇంట ఉన్నదంతా నాదే అనుకొన్నానా?

నిరుడు, మళ్లీ మంచు కరిగే వేళకే, ఇద్దరమూ అక్కడికి వెళ్లాము. కొండ కింద రాళ్లదారి రెండుగా చీలిన చోట నేను ఆగిపోయాను.

"దారి చూపించండి మరి. మీరు ఎక్కిన కొండేగా!" అన్నది.

నా ముఖం మాడిపోయింది. "ఇన్నేళ్లూ ఒక్కమాటైనా అనలేదేం?"

"అంటే? శాలువా వెనక్కిచ్చేసేవారా? మన హాబ్సన్‌విల్ ఇంట్లో చలికి నేను కప్పుకునేది అదేనండీ బాబూ!"

నవ్వుతూ ముందు నడిచింది. వెనుక నేను ఎక్కాను. పైనుండి చూస్తే తడిసిన పెంకులు, పొగ. ఆమె చెప్పినది చెప్పినట్లే ఉన్నది. నా సమాసాలు రెండూ దండుగ. ఇంతటి చూపు నా ఇంట ఉన్నదని ఛాతీ పొంగింది. సభలో శాలువా కప్పిననాడు ఇంత పొంగలేదు.

క్షమించావా అని అడగలేదు. అడిగితే నవ్వి ఊరుకొనేది; ఆ నవ్వునే క్షమగా జమకట్టుకొనేవాణ్ణి. అది మరొక దొంగతనం.

ఈ వ్రాత కింద నా పేరు ఉంచను. ఉండరాని చోట అది చాలాకాలం ఉన్నది. భార్య పేరు పదిమందిలో పలుకుట మా తరానికి అలవాటు లేదు, నేడు పలుకుతున్నాను. ఆ వాక్యం కామేశ్వరిది.