న్యూస్ యాంకరూ, మా ఇంటి స్టీలు కంచమూ

2023 శీతాకాలం. మన్‌హాటన్‌లో ఒక యానిమేషన్ స్టూడియో. నేను అందులో చేరి అప్పటికే చాలా ఏళ్లయింది. జెర్సీ సిటీ నుంచి రోజూ ట్రైన్‌లో వెళ్లి, బొమ్మల మనుషుల్ని కదిలించి, సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. పెద్దవాళ్ల కోసం తీసే ఒక కామెడీ సిరీస్ మా చేతిలో ఉండేది. అందులో ట్రెంట్ అని ఒక టీవీ న్యూస్ యాంకర్. తన అందం చూసుకుని తనే మురిసిపోయే మనిషి. ఊరు తగలబడుతున్నా ముందు టై సరిచూసుకుని తర్వాతే వార్త చదివే రకం. ఆ మనిషిని కదిలించే పని నాది. ఆ మనిషి వల్లే మా చర్చిలో నేను పిల్లలకి చెప్పే సండే స్కూల్ క్లాసు పోయింది. ఎలా పోయిందో, నేనెందుకు తగ్గలేదో చెబుతాను.

ముందు మా పని సంగతి. యానిమేటర్ అంటే బొమ్మ గీసేవాళ్లని చాలామంది అనుకుంటారు. మా దగ్గర బొమ్మ రూపాన్ని వేరేవాళ్లు తయారు చేస్తారు, గొంతు నటులు ఇస్తారు. ఆ గొంతుకి తగ్గట్టు బొమ్మ ఎలా నిలబడాలి, ఎప్పుడు రెప్ప వాల్చాలి అన్నది మేం చూస్తాం. అందుకని సీను మొదలుపెట్టే ముందు కెమెరా పెట్టుకుని దాన్ని మేమే నటించి చూసుకుంటాం. దాన్ని రిఫరెన్స్ వీడియో అంటారు. అలా నటించడానికి మా స్టూడియోలో ఒక చిన్న గది, అందులో గోడ నిండా అద్దం ఉండేవి.

ఆ అద్దం ముందు నిలబడటమే నాకు పెద్ద పరీక్ష. నేను పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర. మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టరు, పూలు పెట్టరు, పౌడర్ రాయరు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అద్దం నాన్న గడ్డం గీసుకునేది, అరచేయంత. ఆయన పని కాగానే అలమరలోకి వెళ్లిపోయేది. "దేవుడిచ్చిన ముఖం ఎక్కడికీ పోదులే" అనేది అమ్మ. అలాంటి ఇంట్లోంచి వచ్చినదానికి ఇలాంటి సొగసుకాడిని అప్పగించారు.

సీను ఇది. ట్రెంట్ సొంత ఊరికి వరద వచ్చింది. ఆ వార్త అతనే చదువుతుండగా బల్ల పక్కనున్న మానిటర్ ఆరిపోతుంది. యాంకర్ తను తెరమీద ఎలా కనబడుతున్నాడో చూసుకునే చిన్న టీవీ అది. ఆరాక అతనేం చేస్తాడన్నది స్క్రిప్టులో ఒక్క వాక్యమే ఉంది, కంగారుపడతాడని. మిగతాది నా ఇష్టం.

మొదటిసారి నేను ట్రెంట్ చేత కళ్లు తిప్పి, జుట్టు దువ్వి, పెదాలు సున్నాలా చుట్టి నానా వేషాలూ వేయించాను. మేం చేసిన పనిని అందరం కూర్చుని చూసే మీటింగును డైలీస్ అంటారు. అక్కడ జనం నవ్వారు కూడా. మా డైరెక్టర్ మార్సీ మాత్రం నవ్వలేదు.

"నువ్వు ఇతన్ని వెక్కిరిస్తున్నావు కరుణా" అంది. "ఇతనికేం కావాలో నీకింకా తెలియలేదు."

"తనను తాను చూసుకోవాలి. అంతేగా?"

"ఎందుకు చూసుకోవాలి?"

ఒళ్లు మండి, నోట్‌బుక్ మూసేసి లేచిపోయాను. ఆ సాయంత్రం ట్రైన్ నది కింద సొరంగంలోకి వెళ్లగానే కిటికీ నల్లబడి అందులో నా ముఖం కనబడింది. చెయ్యి దానంతటదే లేచి జుట్టు సర్దింది. ఎదురుగా కూర్చున్నావిడా అదే పని చేస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంటి స్టీలు కంచం. చిన్నప్పుడు అంట్లు తోమాక కంచాన్ని గౌను అంచుతో తుడిచి, వెనక్కి తిప్పి, అందులో నన్ను చూసుకునేదాన్ని. ముక్కు సాగిపోయి, బుగ్గలు ఉబ్బి కనబడేవి. అయినా చూసుకునేదాన్ని. అంతమంది ఉన్న ఇంట్లో నన్ను ప్రత్యేకంగా చూసేవాళ్లు ఎవరూ లేరు. నేనున్నానని నాకైనా తెలియాలి కదా.

మర్నాడు ఒక స్టీలు కంచం సంచిలో వేసుకుని వెళ్లి, ఆ గదిలో కూర్చుని, దాన్ని వెనక్కి తిప్పి ముఖం చూసుకుంటూ మళ్లీ నటించాను. ఈసారి మానిటర్ ఆరాక ట్రెంట్ చదువుతూనే ఉంటాడు. కళ్లు మాత్రం వెతుకుతుంటాయి. మంచినీళ్ల గ్లాసులో చూస్తాడు, పెన్ను క్యాపులో చూస్తాడు. చివరికి పక్కన కూర్చున్న వాతావరణం చెప్పే ఆయన బట్టతలలో ముఖం దొరుకుతుంది. దానికేసి చూస్తూ తన ఊరు మునిగిన వార్త పూర్తి చేస్తాడు. ఆ చివరి మాటల్లో నటుడు ఒక చిన్న వణుకు పెట్టాడు. అన్నిసార్లు విన్నా అది నాకు అంతవరకు వినబడనే లేదు.

డైలీస్‌లో బట్టతల దగ్గర అందరూ పగలబడి నవ్వారు. ఆ వణుకు దగ్గర నవ్వడం మానేసి, దాన్ని మళ్లీ వెయ్యమన్నారు. "ఇదీ ట్రెంట్ అంటే" అంది మార్సీ.

ఎపిసోడ్ వచ్చాక స్టూడియో వాళ్లు నా రిఫరెన్స్ వీడియోని, ట్రెంట్ సీనుని పక్కపక్కన పెట్టి ఆన్‌లైన్‌లో వేస్తామన్నారు. సరేనన్నాను. కంచం కథ కూడా అందులో నా నోటితోనే చెప్పాను.

ఇక్కడ న్యూజెర్సీలోనూ నేను మా సంఘం వాళ్ల తెలుగు చర్చికే వెళ్తాను. తర్వాతి ఆదివారం ఆరాధన అయిపోగానే కమిటీ సెక్రటరీ డేవిడ్ అంకుల్ నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మా కరుణా, మనిళ్లల్లో అద్దాలు లేవని, కంచాల్లో చూసుకునేవాళ్లమని ప్రపంచం మొత్తానికి చెప్పడం ఏంటమ్మా? పిల్లలందరూ షేర్ చేసుకుంటున్నారు. ఆ వీడియో డిలీట్ చేయించెయ్. నెక్స్ట్ సండే ముందుకొచ్చి ఒక్క సారీ చెప్తే క్లోజ్ అయిపోద్ది."

"నేను చెప్పింది నిజమే కదా అంకుల్."

"నిజమైతే మాత్రం? కెమెరా ముందు అలా వయ్యారాలు పోయే మనిషి పిల్లలకి బైబిల్ ఏం చెప్తుంది?"

"వయ్యారాలు పోయింది ట్రెంట్. నేను కంచంలో ముఖం చూసుకున్నాను. అది తప్పని ఒప్పుకోమంటే అబద్ధమాడినట్టే. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని మీ పిల్లలకి నేర్పిందే నేను."

"అయితే క్లాసు వేరేవాళ్లకి ఇవ్వాల్సొస్తది."

"ఇవ్వండి. సారీ మాత్రం నా నోట రాదు."

ఆ మాట అనేశాను గానీ, ఆ క్లాసంటే నాకు ప్రాణం. ఇక్కడే పుట్టిన ఆ పిల్లలకి తెలుగు పాటలు నేర్పిందీ, ప్రతి కథకీ బోర్డు మీద బొమ్మలు గీసిందీ నేనే. కారులో కూర్చుని బాగా ఏడ్చాను. ఒక్క మెయిల్ రాస్తే స్టూడియో వాళ్లు వీడియో తీసేసేవాళ్లు. రాయలేదు. చర్చి మానలేదు కూడా. అంతకుముందు వెనక వరసలో కూర్చునేదాన్ని, అప్పట్నుంచి ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టాను. పిల్లలు వేరే టీచరు వెంట పక్క గదికి వెళ్తుంటే తలుపు మూసుకునేదాకా చూస్తూ ఉండేదాన్ని.

అలా శీతాకాలం గడిచింది. ఒక ఆదివారం చర్చి భోజనాలయ్యాక, పాస్టరు గారి భార్య కంచాలు తుడుస్తుంటే సాయం చేద్దామని వంటగదిలోకి వెళ్లాను. ఆవిణ్ణి అందరం అమ్మగారంటాం. తెల్లచీర, తలమీద ముసుగు, మెడలో నూలుపోగు కూడా ఉండదు. పేపర్ ప్లేట్లలో తినడం ఆవిడకి గిట్టదు కాబట్టి మా చర్చిలో అన్నీ స్టీలు కంచాలే.

నేను గుమ్మంలో ఉండగానే అమ్మగారు ఒక కంచం తుడిచి, వెనక్కి తిప్పి, ముఖానికి ఎదురుగా పట్టుకుని, చెంప మీద పడిన నెరిసిన వెంట్రుకల్ని ముసుగులోకి దోపుకున్నారు. తర్వాత నన్ను చూశారు. కంచం దించలేదు.

"నా చిన్నప్పట్నించీ ఇదే అలవాటమ్మా" అన్నారు. "నాకొక్కదానికే ఉందనుకున్నా. ఆ వీడియో చాలాసార్లు చూశాను."

ఆవిడ కంచాల దొంతర ఎత్తుకుని హాల్లోకి నడిచారు. కుర్చీలు సర్దిస్తున్న డేవిడ్ అంకుల్ ముందు ఆగి, "డేవిడ్ గారూ, వచ్చే వారం నుంచి పిల్లల క్లాసు కరుణకే" అన్నారు.

"అమ్మగారూ, ఆ వీడియో ఇంకా తియ్యలేదు కదండీ."

"ఎందుకు తియ్యాలి? అందులో ఉన్నది నేను రోజూ చేసే పనే."

డేవిడ్ అంకుల్ ఆవిడ చేతుల్లో ఉన్న కంచాల వైపు చూసి, తల దించుకున్నారు.

మా స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లకి నేనిప్పుడు చెప్పేది ఇదే. డాంబికాలు పోయే మనిషిని కదిలించాలంటే వెక్కిరింపు చాలదు, అతను దేనికోసం వెతుకుతున్నాడో మీలోనే పట్టుకోవాలి. దొరికాక దానికి సిగ్గుపడమని ఎవరైనా అంటే కుదరదని చెప్పండి.

ఇప్పటికీ ఆదివారాలు పిల్లల క్లాసు నాదే. ఆ వీడియో కూడా పెట్టినచోటే ఉంది.