ఈకలున్న కౌజు

మా కాలనీ వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంటది. బూర్గంపాడు అవతల లేసిన ఇండ్లు మావి. గేటు పక్కన నా ఇస్త్రీ బండి. భారతమ్మ అని నాకో పేరున్నది గని వీళ్లకు నేను ఉత్త 'ఇస్త్రీ'నే. గేటు కాడ వాచ్‌మన్ దూలయ్య. పదేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడు గొంతు లేపింది లేదు.

దూలయ్యది పర్ణశాల దాటినంక అడివంచు పల్లె. వాళ్ల నాయన కౌజుపిట్టలు పట్టేటోడు. పెంపుడు కౌజును గూట్ల పెట్టి అరిపిస్తే, అడివిది దానితోని కొట్లాటకొచ్చి ఉచ్చుల పడేది. దూలయ్య గూడ అదే పని చేసిండు. ఫారెస్టు జంగ్లాతోళ్లు పట్టుకపోయి జైల్ల ఏసినంక, పెండ్లాం మీద ఒట్టేసి ఇడిసిపెట్టిండు. ఆ ముచ్చట నాకొక్కదానికే చెప్పిండు. బయటపడితే నౌకరి పోతది, ఇంట్ల పొయ్యి ఎలగదు.

మొన్న పొద్దుగాల ఖాళీ ప్లాటుల గడ్డి నుంచి ఓ పిట్ట బయటికొచ్చింది. కోడిపిల్లంత ఉన్నది, మట్టిరంగు, ఒంటినిండ సన్న చారలు. ఇగ చూడు, అందరు ఫోన్లు పట్టుకొని దిగిన్రు. ప్రమీల మేడం నెమలిపిల్ల అన్నది. ఒకాయన ఫోన్ల ఎతికి మంచుదేశం పిట్ట అని తేల్చిండు. మంచుదేశం నుంచి మా ఎండలకు దానికేం పనిబడ్డదో! మేడం పెనిమిటి శ్రీశైలం సారు కాలనీ ప్రెసిడెంటు. ఎవలిదో గిన్నికోడి తప్పించుకొచ్చింది, పట్టి గూట్ల పెట్టుమని దూలయ్యకు హుకుం చేసిండు. సారు చెప్పినంక అది గిన్నికోడే, పిట్ట ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా.

దూలయ్య కదల్లే. అది కౌజు అన్నడు. మగది, కాలెనక ముల్లు చూడున్రి, పట్టుకుంటే కేసయితది అన్నడు. మేలు చెప్పినోని మాట ఇనాలె గద. సారు ఇనలే. ముల్లు సంగతి నీకెట్ల తెల్సని ఆ మాటనే పట్టుకున్నడు. ఉచ్చులు పెట్టెటోన్ని గేటు కాడ పెట్టుకున్నమా, రేపటి సంది రావద్దు అన్నడు. ఉన్నోళ్లందరు తలలూపిన్రు. నేను ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి అడగబోయిన, దూలయ్య చెయ్యెత్తి ఆపిండు.

"అవ్ సారూ, అప్పట్ల పెట్టిన. పర్ణశాల దర్శనానికొచ్చినప్పుడల్లా నా దగ్గర జతలు జతలు తీస్కపోయింది మీరే గద. మీకు అన్నీ ఈకలు పీకినయే ఇచ్చిన. గందుకే ఈకలతోని గుర్తుపట్టలే మీరు."

సారు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డడు. అయి ఫారం పిట్టలని చెప్పి వండిపిచ్చినవు గద అని ప్రమీల మేడం మెల్లగ అడిగింది. ఆ సందుల కౌజు గడ్డిలకు ఉరికింది.

తెల్లారి గేటు తీసింది దూలయ్యే. సారు కారు మాత్రం ఆనాటి సంది గేటు కాడ అద్దం దించుతలేదు.