అత్త మెచ్చిన వైర్లు

ఖరీదైన స్పీకర్ వైర్లకీ మామూలు వైర్లకీ నిజంగా తేడా ఉంటుందా అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ఫ్యాక్టరీలో నాకు వైర్ల సంగతి తెలిసినవాడినన్న పేరు పడిపోయింది. ఒకప్పుడైతే ఆ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చునేవాణ్ణి. క్యాంటీన్లో టీ చల్లారిపోయేదాకా రాగి శుద్ధి గురించీ, తీగ మందం గురించీ, పైన వేసే తొడుగు గురించీ ఊదరగొట్టి వదిలేవాణ్ణి. ఇప్పుడు "ఏమో, నాకు తెలీదు" అనేసి మాట మార్చేస్తాను. నేనేదో గుట్టు దాస్తున్నానని అడిగినవాళ్లు అనుకుంటారు. గుట్టు కాదు, సిగ్గు.

మాది గుడిలో సంగీత సేవ చేసిన కుటుంబం. విజయనగరంలో మా తాతగారి వయొలిన్ అంటే తెలియనివాళ్లు లేరు. ఆయన తర్వాత ఆ వయొలిన్ మా మేనత్త చేతికి వచ్చింది. మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు సరిగమలు పట్టుబడేవి. నాకు మాత్రం పట్టుబడలేదు. తాతగారు ఓపిక ఉన్నంతకాలం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. చివరికి ఒక రోజు వయొలిన్ కమాను పక్కన పెట్టేసి, "ఈడికి సెవి లేదు. సదువుకోనీండి" అని మా నాన్నతో అన్నారు. కోపంగా అనలేదు. కొలత చూసి చెప్పినట్టు చెప్పారు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా దిగింది.

చదువుకున్నాను. గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పగలంతా ఫర్నేసుల మోత పక్కన ఉండి, సాయంత్రం ఇంటికొచ్చి పాటలు వినేవాణ్ణి. వినడం ఒక వ్యసనమైంది. వినడమంటే ఏమిటో తర్వాత చెబుతాను. రెండువేల పదమూడో పద్నాలుగో, విశాఖపట్నంలో ఒక షాపతను నాకు ఆ వైర్లు చూపించాడు. బొటనవేలంత లావు, అల్లిక గుడ్డ తొడుగు, దాని మీద పొడుగునా బాణం గుర్తులు. శబ్దం ఎటునుంచి ఎటు వెళ్లాలో ఆ బాణం చెబుతుందట. ఒక నెల జీతం పోసి కొన్నాను. ఇంట్లో ధర సగమే చెప్పాను.

మా ఆవిడ ఆ బాణాల్ని చాలాసేపు చూసింది.

"కరెంటుకి దారి తెలీదేటండీ, బాణం గుర్తెట్టి సూపించాల?" అంది.

"నీకు తెలీదులే. విను, తేడా నీకే తెలుస్తుంది" అన్నాను.

విన్నది. "ఏటో, పాట పాటలాగే ఉన్నాది" అని వంటింట్లోకి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాకైతే బ్రహ్మాండమైన తేడా వినపడుతోంది మరి. నెల జీతం పోసినవాడికి వినపడక ఏమవుతుంది?

మా ఆవిడ మాటని కొట్టిపారెయ్యాలంటే దానికంటే పెద్ద మాట కావాలి. మా ఇంట్లో అంతకంటే పెద్ద మాట అత్తది. తాతగారు పోయాక శృతి విషయంలో ఆవిడ అన్నదే ఖాయం. కోట దగ్గర చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటూ పిల్లలకి వయొలిన్ చెప్పేది. అరవై దాటింది. ఆవిడ "బాగుంది" అంటే ఇంక తిరుగుండదు. అదీగాక, చెవి లేనివాడు కొన్న వస్తువుని తాతగారి కూతురు మెచ్చుకోవాలని నాకు లోపల ఎక్కడో ఉంది. ఇప్పుడు దాచుకోవడం ఎందుకు, అసలు సంగతి అదే.

ఒక ఆదివారం పొద్దున్న పాఠం అయ్యాక అత్త మా ఇంటికి వచ్చింది. వెంట శిష్యులు కొందరు వచ్చారు. అందులో పెద్దమ్మాయి డిగ్రీ చదువుతోంది, అత్తకి కుడిభుజం. వినిపించడానికి అత్త పాత కచేరీనే పెట్టాను. ఎవరో శిష్యుడు రెండు మైకులతో రికార్డు చేసిందది. వయొలిన్ ఎడమ స్పీకర్లో, మృదంగం కుడి స్పీకర్లో వస్తాయి. ముందు పాత వైర్లతో వినిపించాను. తర్వాత గబగబా కొత్తవి తగిలించి అదే పాట మళ్లీ పెట్టాను.

అత్త కళ్లు మూసుకుంది. ఒళ్లో తాళం వేస్తోంది. నేను ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. పాట అయ్యేసరికి ఆవిడ కళ్లు తెరిచి నవ్వింది.

"ఇప్పుడు బాగున్నాదిరా. మృదంగం మరీ తేటగా ఉన్నాది. ఒక్కో దెబ్బా తెలుస్తన్నాది."

పొంగిపోయాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ వైపు, విన్నావా అన్నట్టు చూశాను. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. పెద్దమ్మాయి చూపు కుడి స్పీకర్ మీదికి వెళ్లి, చటుక్కున నేలకి దిగిపోయింది. అప్పుడు చూశాను. హడావుడిలో కుడివైపు వైరు సరిగ్గా బిగించలేదు. ఆంప్లిఫయరు వెనక ఊడి వేలాడుతోంది. పాట మొత్తం కుడి స్పీకర్ మూగగా ఉంది. మృదంగం ఒక్క దెబ్బ కూడా రాలేదు.

రాలేదని నాకూ తెలియలేదు. ఆ మాట రాయడానికే చెయ్యి ఆడటం లేదు. అత్తకైతే వయసు. నాకేం వచ్చింది? నేను పాట వినడంలేదు, అత్త ఏమంటుందా అని చూస్తున్నాను.

"అవునమ్మా, చాలా బాగుంది" అంది పెద్దమ్మాయి. మిగతా పిల్లలూ అదే అన్నారు. గురువుగారు పొరపాటుగా విన్నారని ఏ శిష్యుడు అంటాడు? మా ఇళ్లల్లో అలాంటి మాట పుట్టదు. నేను స్విచ్చి ఆపేసి, "కాఫీ తాగుదాం" అన్నాను.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ గట్టిగానే అడిగింది.

"పెద్దావిడకి సెప్పాల కదండీ. డాక్టరుకి సూపించాల కదా."

"ఎలా చెబుతాం? ఆవిడ బతుకంతా చెవి మీదే నడిచింది" అన్నాను. నా మాట నాకే చాలా పెద్దమనిషి తరహాగా తోచింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనపడసాగాయి. పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టుకునేది. వేళ్లు తీగ మీద ఎక్కడ పడుతున్నాయో చూసి తప్పు పట్టుకునేది. ఫోన్లో మనం ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేది. ఇవన్నీ ముందునుంచీ ఉన్నవే. నేనే పట్టించుకోలేదు. వైర్ల మధ్య తేడా పట్టుకోగలనని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి.

కొద్ది రోజులకి అత్త కబురు పెట్టింది. వెళ్లాను. పిల్లలెవరూ లేరు. నన్ను ఎదురుగా కూర్చోమంది.

"నెల్లిమర్ల దగ్గర గుళ్లో కచేరీ సెయ్యమని అడుగుతన్నార్రా. చాన్నాళ్లయింది కదా, ఒప్పుకోనా మాననా అని ఉన్నాది." ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఆ రోజు మీ ఇంట్లో పిల్లల మొకాలు సూశాను. ఏదో జరిగింది. ఒరే, నిజం సెప్పు. నాకు భయంగా ఉన్నాది. ఆ రోజు మృదంగం వినపడిందేటి?"

ఊళ్లో ఇంతమంది ఉండగా ఆవిడ నన్నే అడిగింది. శిష్యులు చెప్పలేరని ఆవిడకి తెలుసు. మేనల్లుణ్ణి కాబట్టి, సంగీతం రానివాణ్ణి కాబట్టి, నేను మొహమాటం లేకుండా చెబుతానని అనుకుంది.

"వినపడింది అత్తా. శుభ్రంగా వినపడింది" అన్నాను.

ఆవిడ బాధపడుతుందని అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ కొంత నిజమే. కానీ నిజం చెబితే వైరు ఊడిన సంగతి చెప్పాలి. ఆవిడ మెచ్చుకోలు ఉత్తదని ఒప్పుకోవాలి. అప్పటికే క్యాంటీన్లో "మా మేనత్తంతటావిడ విని, ఒక్కో దెబ్బా తెలుస్తోందన్నారు" అని పదిమందికీ చెప్పేశాను. నా మాట నమ్మి ఒకతను ఆ వైర్లు కొన్నాడు కూడా. రెండు కారణాల్లో ఏది బరువు అంటే ఈ రెండోదే. ఆవిడ పరువు కాదు, నా వైర్ల పరువు కాపాడుకున్నాను.

"అయితే ఒప్పీసుకుంటాను" అంది అత్త. ముఖం వికసించింది. నాకు అరిసెలు పెట్టింది. తిన్నాను.

కచేరీ సాయంత్రం గుడి మండపంలో. మృదంగం వాయించే కుర్రాడు శ్రీకాకుళం నుంచి వచ్చాడు, మంచి చెయ్యి. పెద్దమ్మాయి అత్త వెనకాల తంబురా పట్టుకుని కూర్చుంది. మొదట్లో అంతా బాగానే జరిగింది. అత్త కుర్రాడి చేతుల్ని చూస్తూ వాయిస్తోంది, అది నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం వచ్చింది. అది ముగిసే చోట వయొలిన్ పాటని మళ్లీ అందుకోవాలి. సరిగ్గా అప్పుడు వీడియో తీసేవాడు కెమెరా పట్టుకుని ఇద్దరికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

అత్త ముందే అందుకుంది. కుర్రాడు గబుక్కున సర్దుకుని ఆవిడతో కలవబోయాడు. ఆవిడకి వినపడలేదు, తన లెక్కలో తను వెళ్లిపోతోంది. ఇంకోసారి ప్రయత్నించాడు. కుదరలేదు. పెద్దావిడని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక కాబోలు, వాయించడం మానేసి చేతులు మృదంగం మీద పెట్టుకుని కూర్చున్నాడు. కెమెరావాడు కదలడు. అత్త ఒక్కర్తే వాయిస్తోంది. కళ్లు మూసుకుని, మృదంగం అటు ఉన్నట్టే, మధ్యమధ్యలో ఆ పక్కకి తిరిగి భేష్ అన్నట్టు తల ఊపుతోంది. ముందు వరసలో పెద్దలు తలలు దించుకున్నారు. నేను ఆరోజు మా ఇంటి హాల్లో చూసిందే ఇప్పుడు ఊరంతా చూస్తోంది. లేచి వెళ్లి ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యవలసినవాణ్ణి. కూర్చునే ఉన్నాను.

కెమెరావాడు తప్పుకున్నాడు. అత్త కళ్లు తెరిచి చూసింది. ఖాళీగా ఉన్న ఆ కుర్రాడి చేతుల్ని చూసింది. కమాను ఆగిపోయింది. వయొలిన్ వెనక్కి పెద్దమ్మాయి చేతికి అందించి, "మంగళం నువ్వు వాయించమ్మా" అంది.

ఆ వారంలోనే అత్త శిష్యులందర్నీ వేరే మేష్టారి దగ్గరికి పంపేసింది. విశాఖ తీసుకెళ్లి డాక్టరుకి చూపించాం. చెవికి మిషను ఇచ్చారు. మాటలకి అది బాగానే పనికొచ్చింది. వయొలిన్ మాత్రం అందులోంచి రేకు డబ్బా గీకినట్టు వినపడుతోందని ఆవిడ రెండోరోజే చెప్పేసింది. ముందే వస్తే కొంత మెరుగ్గా ఉండేదా అని డాక్టర్ని అడగాలనుకున్నాను. జవాబంటే భయపడి అడగలేదు.

ఇంటికొచ్చి వైర్లు పీకి అటక మీద పడేశాను. పాత వైర్లు తగిలించాను. పాట పాటలాగే ఉంది.

ఒకరోజు తెగించి అత్తకి అంతా చెప్పాను. వైరు ఊడిందని, మృదంగం రాలేదని, తెలిసే అబద్ధం ఆడానని. ఆవిడ మిషను సర్దుకుని ఓపిగ్గా వింది.

"నువ్వు అబద్ధం ఆడతన్నావని నీ మొకం సూస్తేనే తెలిసిపోనాదిరా. నాకు ఆ అబద్ధమే కావాల్సొచ్చింది. నమ్మీసినాను" అంది.

తిడితే బాగుండేది. తప్పులో ఆవిడ వాటా ఆవిడ తీసేసుకుంటే నాది తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

ఆ పైన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి అత్త వయొలిన్ తీసి, తీగలు బిగించుకుని కూర్చుని ఉంది. మిషను తీసి గూట్లో పెట్టేసింది.

"రా, కూకో. పిల్లల్ని అడిగితే మొహమాటపడతారు. నేను ఒక కీర్తన వాయిస్తాను, నువ్వు విను. శృతి ఎక్కడన్నా తప్పితే చెయ్యెత్తు. ఈసారి నిజం సెప్పాల" అంది.

వాయించింది. నేను ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. జీవితంలో ఎప్పుడూ అంత జాగ్రత్తగా వినలేదు. ఆవిడ వేళ్లు వణుకుతున్నాయా, తీగ తగ్గుతోందా, ఇది గమకమా తప్పా? ఒకచోట తప్పినట్టు అనిపించి చెయ్యి ఎత్తబోయి, కాదేమోనని దించేశాను. కీర్తన అయిపోయింది. ఆవిడ కమాను దించి నా ముఖంలోకి చూసింది.

"నాకు తెలీలేదు అత్తా" అన్నాను. ఆవిడకి వినపడలేదేమోనని మళ్లీ పెద్దగా చెప్పాను. "తప్పిందో లేదో నాకు తెలీలేదు."

అబద్ధం ఆడుతున్నానేమోనని కాసేపు నన్నే పట్టి చూసింది. కాదని అర్థమైంది.

"మరి అంత డబ్బెట్టి, ఇన్నాళ్లూ ఏటి విన్నావురా?" అంది.

ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది, నేను చెప్పబోయేది అందుకోవాలని నా పెదాల వైపే చూస్తూ కూర్చుంది.