పొద్దుటి పరీక్షలు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు మేడల కిటికీలను కూడా మూసేస్తున్న రోజుల్లో ఇవాంజెలిన్‌కు ఎంసీఏ సీటు వచ్చింది. తండ్రి చిన్నప్ప సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. కాలేజీ పంజాగుట్టలో, వాళ్లుండే అమీర్‌పేట నుంచి నడిచిపోయేంత దూరం. మొదటి ఏడాది క్లాసులో ఆమెను మించినవాళ్లు లేరు. రెండో ఏడాది చలికాలంలో, ఒకరోజు పొద్దున్నే జడ వేసుకోబోతే వేళ్లు మడతపడలేదు.

చలికి పట్టేశాయనుకుని తల్లి సుమిత్ర వేడినీళ్ల కాపడం పెట్టింది. కొద్దిరోజుల్లోనే మణికట్లు వాచాయి. పంజాగుట్ట పెద్దాసుపత్రిలో చూపిస్తే కీళ్లవాతమన్నారు. అది ముసలివాళ్లకు కదా వచ్చేదని సుమిత్ర అడిగింది. ఇది వేరే రకమనీ, వయసు చూడదనీ, మందులతో అదుపులో పెట్టుకోవడమే తప్ప పూర్తిగా పోదనీ డాక్టరమ్మ చెప్పింది.

పొద్దున ఆమె చేతులు కొయ్యల్లా బిగుసుకునేవి. ఎండ ఎక్కేకొద్దీ వదులయ్యేవి. మధ్యాహ్నానికి తన అన్నం తనే కలుపుకునేది, కీబోర్డు మీద నెమ్మదిగా కొట్టగలిగేది. యూనివర్సిటీ పరీక్షలేమో పొద్దున పూటే జరిగేవి.

కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ పాఠం చెప్పే కృష్ణమోహన్ ఆమెను వెంటబెట్టుకుని యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లాడు. మధ్యాహ్నం రాయనివ్వండి, లేదంటే ఎక్కువ సమయమైనా ఇవ్వండి అని అడిగాడు. అక్కడి ఆఫీసరు విసుక్కోలేదు. చూపు లేనివాళ్లకూ, చేతులు లేనివాళ్లకూ రూలు ఉందనీ, మిగతావాళ్లయితే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెచ్చుకోవాలనీ చెప్పాడు.

మెడికల్ బోర్డు కూర్చునేది మధ్యాహ్నం.

చిన్నప్ప పనికి సెలవుపెట్టి కూతురితో వెళ్లాడు. వాళ్ల వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. బోర్డు డాక్టరు పెన్ను ఇచ్చి పేరు రాయమన్నాడు. రాసింది. అక్షరాలు కాస్త వంకర పోయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

"రాస్తున్నావు కదమ్మా" అన్నాడాయన.

"పొద్దుగాల చూడుండ్రి సార్. పొద్దుగాల గుండీ సుత పెట్టుకోలేను."

ఆయన ఆమె వేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూశాడు. "నువ్వు చెప్పేది నమ్ముతానమ్మా. కానీ నేను చూసిందే రాయాలి. తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బు మా లిస్టులో లేదు."

చిన్నప్ప కూతుర్ని తీసుకుని బయటికొచ్చాడు. బస్టాపులో నిలబడ్డాక మెల్లగా అన్నాడు: "రాయొస్తలేదని పెన్ను కింద పెడితే అయిపోవు గద బిడ్డా."

"రాయొస్తుంటే రాదని ఎట్ల చెప్పాలె నాయినా?"

ఆ మాట ఎందుకన్నానా అని ఆయన తర్వాత ఎంతో బాధపడ్డాడు. బస్సు దిగాక ఇంటిదాకా ఆమె వెనకే నడిచాడు.

కృష్ణమోహన్ వదల్లేదు. పదేపదే తిరిగి, ఎవరెవరినో బతిమాలి, పరీక్షల ముందు ప్రత్యేక అనుమతి తెచ్చాడు. ఆమె చెబుతుంటే ఇంకొకరు రాయవచ్చు. కాకపోతే ఆ రాసే మనిషి కంప్యూటర్లు చదివి ఉండకూడదు. పైవాటాలో ఉండే రుఖియా ఇంటర్ ఆర్ట్స్ చదువుతోంది, అడగగానే ఒప్పుకుంది.

థియరీ పేపర్లు గడిచాయి. డేటా స్ట్రక్చర్స్ రోజున ప్రోగ్రాములు రాయాల్సి వచ్చింది. ఇవాంజెలిన్‌కు ప్రతి వరసా కంఠతా వచ్చు. కానీ ఒక్కో గుర్తునూ మాటల్లో చెప్పాలి. రుఖియా భయంభయంగా అడిగేది: "అక్కా, సెమికోలన్ అంటే చుక్క పైననా, కిందనా?" ఫ్లవర్ బ్రాకెట్ అంటే ఆ పిల్ల పువ్వు వేయాలేమో అనుకుంది. ఇవాంజెలిన్ కాగితం మీద వేలితో గీసి చూపబోతే, చెప్పడమే తప్ప చూపకూడదని ఇన్విజిలేటరు ఆపాడు. గంట కొట్టేసరికి రెండో ప్రోగ్రాము సగంలో ఉంది. రుఖియా ఏడుస్తూ బయటికొచ్చింది. ఇవాంజెలినే ఆమెను ఊరుకోబెట్టింది.

ఆ పేపరు పోయింది. మళ్లీ రాసినా పోయింది. తర్వాతి సెమిస్టర్లలో అలాంటివే ఇంకొన్ని చేరాయి. ఒక ఏడాది జబ్బు ముదిరి మంచం దిగలేదు. తోటివాళ్లు మాదాపూర్‌లో ఉద్యోగాల్లో చేరిపోయారు. ఆమె అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మధ్యాహ్నం పూట పిల్లల సందేహాలు తీర్చే పనికి కుదిరింది. ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లంతా ముందు ఆమె దగ్గర కూర్చుని వెళ్లేవారు. డిగ్రీ చేతికి రానిదే ఆమె మాత్రం ఏ కంపెనీకీ దరఖాస్తు పెట్టుకోలేకపోయింది.

కొన్నేళ్లకు యూనివర్సిటీ రూలు మార్చింది. దీర్ఘకాలపు జబ్బులున్న విద్యార్థులు పరీక్ష పూట మార్చుకోవచ్చు, కంప్యూటర్ మీద కూడా రాయవచ్చు. కృష్ణమోహన్ ఫోన్ చేసి చెప్పగానే ఆమె ఆటో ఎక్కి పరీక్షల విభాగానికి వెళ్లింది. ఈసారి సీటులో ఉన్నది ఓ కుర్ర ఆఫీసరు. లేచి కుర్చీ వేశాడు. ఫైలు తెప్పించి మొదటి నుంచీ చదివాడు. కోర్సు పూర్తిచేయాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది, కావాలంటే మళ్లీ ఎంట్రన్స్ రాసి మొదటి ఏడాదిలో చేరాలి.

"మీరు చదివేటప్పుడే ఈ రూలు ఉండాల్సింది మేడమ్" అన్నాడు.

ఆమె తలూపింది. లేచి వచ్చేసింది. ఆటోలో ఉండగా చిన్నప్ప ఫోన్ చేసి ఏమన్నారని అడిగాడు.

"ఏమనలే నాయినా. మంచిగనే మాట్లాడిండు."